స్థానికురాలు

తాడిగుంట శివార్లలో జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఆ గిడ్డంగి, ఊరి ప్రధాన వీధి కంటే పొడవైనది. లోపల దీపాలున్నాయి గానీ వెలగవు. అక్కడ పనిచేసే యంత్రాలకు వెలుతురుతో పనిలేదు. మనిషెవరైనా అడుగుపెడితే అతడి నెత్తిమీది దీపం ఒక్కటి వెలుగుతుంది; అతడు ముందుకు సాగగానే అది ఆరిపోయి తరువాతిది వెలుగుతుంది. పురపాలక సంఘం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆదిశేషు ఏటా వేసవిలో తనిఖీకి వచ్చినప్పుడల్లా అలా ఒక చిన్న వెలుగు వలయంలో, ఇరుపక్కలా చీకట్లో ఏవో కదులుతున్న చప్పుడు వింటూ, ఆ చివరిదాకా నడిచి వెళ్ళేవాడు.

అతడు తేల్చవలసింది ఒక్కటే. గిడ్డంగి కట్టే ముందు కంపెనీ మూడు వందల మంది స్థానికులకు కొలువులు చూపిస్తానంది. బదులుగా పురపాలక సంఘం ఆస్తి పన్ను మాఫీ చేసింది, రోడ్డు వేసి ఇచ్చింది, ఊరికి చాలని నీళ్ళలోంచే గొట్టం లాగి ఇచ్చింది. కొలువులు ఉన్నాయని ప్రతి ఏడూ ఒక అధికారి కళ్ళతో చూసి ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ ఉన్నంతకాలం మాఫీ సాగుతుంది. ఆదిశేషు వరుసగా మూడేళ్ళు ధ్రువీకరించాడు. నిజానికి గిడ్డంగిలో జీతానికి పనిచేసే మనుషులు ఐదుగురు. మిగిలినవి చేతులు.

ఆ చేతుల్లో ఉన్నదానికి కంపెనీ పెట్టిన పేరు చేతిజాడ. అదేమిటో ఆదిశేషు తన ఇంట్లోనే తెలుసుకున్నాడు. అతడి భార్య నాంచారమ్మ పెళ్ళికి ముందు నుంచీ మామిడి యార్డులో కొనవచ్చినవాళ్ళకు పండ్లు పెట్టెల్లో సర్దేది. పండు అరచేతిలో పడగానే దాని బరువు, పక్వం, తొడిమ దగ్గరి మెత్తదనం ఆమె వేళ్ళకు తెలిసిపోయేవి. ఏది అడుగున పెట్టాలో, ఏది పైన పెట్టాలో ఆలోచించేది కాదు. కంపెనీవాళ్ళు వచ్చి యార్డులోని ఆడవాళ్ళందరికీ చర్మంలా పలచని చేతి తొడుగులు ఇచ్చి, ఆ మామిడి కాలమంతా వాటితోనే పని చేయమన్నారు. కదిలిన ప్రతి కీలునూ, నొక్కిన ప్రతి నొక్కునూ ఆ తొడుగు గుర్తుపెట్టుకుంది.

"ఎలా ఉంది?" అని ఆదిశేషు ఒక సాయంత్రం అడిగాడు.

"పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది. ఏం ముట్టుకున్నా ఎవరో చూస్తున్నట్టే," అంది నాంచారమ్మ.

మరోరోజు తొడుగు తీయడం మరిచిపోయి ఇంటికి వచ్చేసింది. కంచం ముందు కూర్చున్నాక గాని చూసుకోలేదు. "ముద్ద కలపడం కూడా నేర్చేసుకుంటుందేమో. ఇకనించి మీకు అదే వడ్డిస్తుంది, నేను పక్కింట్లో కబుర్లు చెప్పుకుంటా," అని నవ్వి, దాన్ని విప్పి గూట్లో పెట్టింది.

మామిడి కాలం ముగిసింది. మళ్ళీ మామిడి కాలం వచ్చేసరికి యార్డు మూతపడింది. గిడ్డంగిలో యంత్రపు చేతులు ఆ ఆడవాళ్ళ కదలికలతోనే పండ్లు సర్దసాగాయి. ఒప్పందంలో ఉన్న ఒక వాక్యం అప్పుడు అందరి దృష్టికీ వచ్చింది. స్థానికుల చేతిజాడ ఎటువంటి మార్పూ లేక యథాతథంగా పనిచేస్తున్నంతకాలం దానిని స్థానిక కొలువుగా పరిగణించవలెనని ఆ వాక్యం. కౌన్సిల్‌లో దాన్ని చదివిన రోజున ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. పక్క ఊరు పదేళ్ళు మాఫీ ఇస్తానంటే మనం పదిహేనేళ్ళు ఇద్దామని పోటీపడుతున్న రోజులవి.

ఆ తరువాతి ఏడు నాంచారమ్మ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె చేతులు ఆగలేదు.

ఆమె వరుస గిడ్డంగిలో చిట్టచివరన ఉంది. ఆదిశేషు అక్కడికి చేరగానే దీపం వెలిగి, బూడిదరంగు రబ్బరు వేళ్ళున్న ఒక చెయ్యి కనబడుతుంది. అది పండు అందుకుంటుంది. అరచేతిలో ఒక్క క్షణం ఆడిస్తుంది. బొటనవేలిని తొడిమ పక్కన ఆనించి, మణికట్టును లోపలికి తిప్పి, పండును పెట్టెలో ఒదిగిస్తుంది. గ్లాసు బోర్లించినా, తలుపు గడియ వేసినా, దిండు సర్దినా ఆమె మణికట్టు అలాగే తిరిగేది.

ఆదిశేషు భ్రమల్లో బతికే మనిషి కాడు. దెయ్యాలూ పునర్జన్మలూ లేవని యుక్తవయసులోనే తేల్చుకున్నాడు. భార్య పోయినప్పుడు కర్మకాండ వద్దని బంధువుల చేత మాటలు పడ్డాడు. ఎదురుగా ఉన్నది విద్యుత్తు, మోటారు, కొంత గణితం. పాట ఉన్న రికార్డులో గాయకుడు లేనట్టే ఇందులో ఆమె లేదు. ఈ సంగతి అతడికి ఏ సందేహమూ లేకుండా తెలుసు. తెలిసిన మనిషి కూడా పాట ముగిసేదాకా కుర్చీలోంచి లేవడు.

ఈ ఏడు తనిఖీలో మేనేజరు అనిరుధ్ అతడి వెంటే నడిచాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్థుడు. ఇద్దరు కాబట్టి రెండు దీపాలు వెలిగాయి.

"ఈసారి చిన్న ఇబ్బంది వచ్చింది సార్. డజను పండ్లు పట్టే పెట్టెల్లో పదమూడేసి వెళ్తున్నాయి."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లో కాదు, చాలావాటిల్లో. పన్నెండు పెట్టాక చెయ్యి కాస్త ఆగుతుంది. తర్వాత పక్కనించి చిన్న పండొకటి తీసి పైన పెట్టేస్తుంది. మామిడి లైన్లన్నీ ఇంతే. ఎక్కడ లోపం ఉందో మా ఇంజినీర్లు వెతికీ వెతికీ విసిగిపోయారు. లోపమే లేదంటున్నారు."

"కొసరు," అన్నాడు ఆదిశేషు.

"అంటే ఏంటి సార్?"

"బేరం తెగాక పైన ఒకటి వేస్తారు. మీ వైపు వెయ్యరా?"

"మా వైపు యాప్‌లో కొంటాం సార్."

ఆదిశేషుకు నవ్వు వచ్చింది గానీ అది ముఖం దాకా రాలేదు. తొడుగు నేర్పును మాత్రమే నేర్చుకుంటుందనుకున్నారు. అది అలవాటును కూడా నేర్చుకుంది. రెండింటినీ విడదీయడం దానికి తెలియదు. యార్డులో పెరిగిన ప్రతి చేతిలోనూ కొసరు ఉంది కాబట్టి ప్రతి జాడలోనూ ఉంది.

"కొసరు తీసేసిన జాడ సిద్ధంగా ఉంది," అనిరుధ్ చెప్పుకుపోయాడు. "కానీ మార్చేస్తే అది యథాతథం కాదుగా. ఒప్పందం ప్రకారం కొలువు లెక్కలోకి రాదు. మార్చినా ఆ మనిషి ఆ మనిషేనని మీరు ధ్రువీకరిస్తే చాలు సార్. పోయినవాళ్ళ విషయంలో ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. మీరైతే రెండూ మీరే."

"నేను కాదంటే?"

"ఈ లైన్లు తీసేసి మామూలు యంత్రాలు పెట్టుకుంటాం. మాఫీ పోతుంది. మాఫీ పోయాక పైవాళ్ళు ఇక్కడ ఉంటారనుకోను." అతడు గొంతు తగ్గించాడు. "మేడమ్ చెయ్యి కూడా ఆగిపోతుంది సార్. ఏటా మీరు ఇక్కడ ఎంతసేపు నిలబడతారో నాకు తెలుసు. ఏ దీపం ఎంతసేపు వెలిగిందో మాకు నమోదవుతుంది."

ఆదిశేషు పైకి చూశాడు. ఇంతకాలమూ తాను ఒంటరిగా ఉన్నాననుకున్న చోట కూడా ఎవరో ఉన్నారన్నమాట. ఆ ఆలోచన అతడికి ఊరట కలిగించలేదు.

"వారంలో చెప్పండి సార్. తొందరేం లేదు," అన్నాడు అనిరుధ్.

ఆ వారమంతా ఆదిశేషు ఇంటి పన్నుల కోసం వీధులు తిరిగాడు. గిడ్డంగి లారీలు ఛిద్రం చేసిన రోడ్డు మీద నడిచి, రేకుల ఇళ్ళ ముందు నిలబడి, టీ కొట్టువాడి చేతా కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ చేతా పన్ను కట్టించాడు. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద పైకప్పు కట్టని పన్నును చిన్న పైకప్పులు కడుతున్నాయి. ఇది అతడు కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. దాన్ని ఇంతవరకు ఏటా తన సంతకంతో తానే నిలబెడుతూ వచ్చాడు.

సువార్త ఇల్లు చర్చి వెనుక సందులో ఉంది. యార్డులో నాంచారమ్మ పక్కనే కూర్చుని పెట్టెలు సర్దిన మనిషి. ఇప్పుడు ఆమెకు పని లేదు. వేళ్ళ కణుపులు వాచిపోయి ఉన్నాయి. గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది.

"రా అన్నయ్యా. పన్నుకొచ్చావా, ఊరికే వచ్చావా?"

"పన్నుకే."

"అయితే కూర్చో. ఊరికే అంటే భయపడేదాన్ని." చేట పక్కన పెట్టింది. "నా చేతులు ఆ గొడౌన్లో కొలువు చేస్తన్నాయి గదా, ఆటినడగరాదా పన్ను? నాకు లేని కొలువు ఆటికుంది."

"అవి కొసరేస్తున్నాయంట సువార్తా."

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కొసరా? ఎవరికేస్తన్నాయి?"

"ఎవరికీ లేదు. పెట్టెలోకి."

"ఎవరూ లేకుండా కొసరేంటి?" సువార్త నవ్వు సగంలో ఆగింది. "పుణ్యానికేస్తామనుకున్నారా మేము? పైన చిన్నదొకటి పడేస్తే కొన్నోడు కిందవి తీసి చూడడు. మెత్తబడ్డవి రెండు అడుగున పోతాయి. ఎప్పుడూ అట్టా చెయ్యంలే, నువ్వు మళ్ళీ కేసు రాస్తావ్. మనిషి మొహం చూసి ఎయ్యాలన్నయ్యా. గీచి గీచి బేరమాడినోడికి ఎయ్యకూడదు, అలుసైపోతాం. పిల్లని చంకనేసుకొచ్చిన దానికి, పిల్ల చేతికే ఇచ్చెయ్యాలి. నాంచారొదిన కొందరికి రెండేసేది. నేను తిట్టేదాన్ని, ఇట్టాగైతే మేస్త్రీ మనిద్దర్నీ గెంటేస్తాడే అని."

"ఎవరికి వేసేది రెండు?"

"నాకేం తెలుసు? చూసేది, ఏసేది. ఆ చూపులో ఏం కనబడిందో దానికే తెలియాలి."

చేట మళ్ళీ ఒడిలోకి తీసుకుంది. కొంతసేపు చెరిగింది.

"ఏడాదికోసారి వదిన్ని చూట్టానికి ఎళ్తావంటగా. ఊళ్ళో అనుకుంటారు." సువార్త చేటలోంచి తల ఎత్తలేదు. "నా చేతులూ అక్కడే ఉన్నాయి. ఎప్పుడన్నా అటుపక్క చూశావా?"

ఆదిశేషు చూడలేదు. ఏ వరుస ఎవరిదో అతడికి తెలియదు, తెలుసుకోవాలని అనిపించలేదు.

"చూడవులే. నేను బతికున్నాను గదా," అంది సువార్త. తరువాత, బియ్యం చెరుగుతూనే, "పన్ను వచ్చే నెల కడతాలే, ఫో," అంది.

మరునాడు మధ్యాహ్నం ఆదిశేషు గిడ్డంగికి వెళ్ళాడు. అనిరుధ్‌ను ఆఫీసు గదిలోనే ఉండమని, చివరి వరుస దాకా ఒక్కడే నడిచాడు. అతడు ఈసారి చూడటానికి రాలేదు. ఒక ప్రయోగం చేయడానికి వచ్చాడు. ప్రయోగం అన్న మాట తనకు తానే చెప్పుకున్నాడు.

చెయ్యి పండ్లు సర్దుతోంది. పన్నెండోది పెట్టాక ఆగింది. ఆదిశేషు ఆ ఆగడాన్ని ఇంతకుముందు ఎన్నోసార్లు చూశాడు. యంత్రం లెక్క సరిచూసుకుంటోందనుకునేవాడు. ఇప్పుడు మరో పెట్టె చూశాడు, ఇంకో పెట్టె చూశాడు. ఆగినంతసేపూ ఆ వేళ్ళు పండ్ల మీద లేవు. పెట్టె అంచు మీద తేలికగా ఆని ఉన్నాయి. పని మధ్యలో ఎవరైనా పలకరిస్తే చేతులు అలా ఆగుతాయి.

అది ఆమె తలెత్తి చూసిన సమయం.

పెట్టె నిండగానే నాంచారమ్మ తలెత్తి, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూసేది. ఆ ముఖంలో ఏదో చదివి, వేయాలో వద్దో, ఒకటో రెండో తేల్చుకునేది. తొడుగు ఆమె చేతిని చూసింది. ఆమె కళ్ళను చూడలేదు. చూపుకు పట్టిన వ్యవధి మాత్రం మిగిలింది. ఆ వ్యవధిలో ఇప్పుడు ఏమీ లేదు. చీకట్లో, ఎవరూ లేని చోట, ఆ చెయ్యి తలెత్తి చూడటానికి ఆగుతోంది, చూడకుండానే వేసేస్తోంది.

తరువాతి పెట్టె నిండినప్పుడు ఆదిశేషు ముందుకు వంగి తన అరచేతిని పెట్టె మీదికి చాచాడు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు చాచినట్టే చాచాడు. వెంటనే ఎర్ర దీపం వెలిగింది. పండు పట్టుకున్న చెయ్యి గాలిలో నిలిచిపోయింది. అడ్డం వచ్చింది మనిషి అయితే ఆగిపోవాలన్నది యంత్రాలన్నింటికీ ఉన్న నిబంధన. అతడు ఆ నిలిచిన వేళ్ళ కింద తన చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఇటువంటి వేళాకోళం చేస్తే ఆమె వేళ్ళ మీద ఒక్కటి వేసి ఉండేది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎర్ర దీపం ఆరింది. పండు పెట్టెలో పడింది. పెట్టె వెళ్ళిపోయింది.

ప్రయోగం ఫలితం అతడు ఊహించినదే. ఊహించిన ఫలితం వచ్చినంత మాత్రాన మనిషి దానికి సిద్ధపడి ఉన్నాడని కాదు.

ఆఫీసు గదిలో అనిరుధ్ కాఫీ ఇచ్చాడు. ఆదిశేషు దాన్ని ముట్టుకోకుండా చెప్పాడు.

"ధ్రువీకరించను. మార్చినవే కాదు, మార్చనివి కూడా కొలువులు కావని రాస్తాను."

"సార్, మూడేళ్ళూ మీరే ఔనన్నారు."

"అన్నాను."

"అప్పుడు ఔనైంది ఇప్పుడు ఎలా కాదవుతుంది సార్? పైవాళ్ళు నన్నడుగుతారు."

"అప్పుడు కాదంటే మళ్ళీ ఏడు నేను రావడానికి ఏమీ ఉండేది కాదు." ఆదిశేషు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఆవిడ చనిపోయింది బాబూ. అది మీ కొలువుల లెక్కలో ఎక్కడా లేదు. నేనూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను."

అనిరుధ్ ముట్టని కాఫీ కప్పును పక్కకు జరిపాడు. "ఆపే రోజు ముందుగా చెబుతాను సార్. రావాలనుకుంటే రండి," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

చెప్పలేదు. బహుశా అతడికీ ఎవరూ చెప్పి ఉండరు. మాఫీ రద్దయిన సంగతి తెలిశాక కంపెనీ ఆ ఏడు పన్ను కట్టి, కోర్టుకు వెళ్ళింది. తరువాత కోర్టు గొడవ కూడా వదిలేసి ఖాళీ చేసింది. ఆదిశేషు కబురు విని వెళ్ళేసరికి చివరి వరుసలో నేల మీద బోల్టులు ఊడదీసిన గుంతలు తప్ప ఏమీ లేవు. పండ్ల వాసన మాత్రం ఇంకా ఉంది.

ఊరు అతడిని మెచ్చుకోలేదు. వచ్చిన పన్నుతో పురపాలక సంఘం చర్చి సందు దాకా నీళ్ళ గొట్టం వేసింది, అంతే. లారీలు ఆగిపోవడంతో రహదారి పక్క పంక్చరు షాపు, రెండు హోటళ్ళు మూతపడ్డాయి. టీ కొట్టువాడు అతడికి టీ ఇస్తాడు గాని మాట కలపడు. "ఒక్క సంతకానికి ఏం పోయింది ఆదిశేషు గారూ, ఊరు నిలబడేదిగా," అని ఛైర్‌పర్సన్ అందరి ముందూ అంది. అతడి దగ్గర జవాబు ఉంది. కానీ అది ఊరికి చెప్పే రకం జవాబు కాదు. సువార్త తన కుళాయి కింద బిందె పెట్టి, "నీళ్ళొస్తన్నాయి అన్నయ్యా, సన్నంగా," అని ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఏడు అతడితో పని లేకపోయినా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మళ్ళీ మామిడి కాలం మొదలైన రోజుల్లో ఆఫీసులో ఉండగా మరో ఫోన్ వచ్చింది. ఆడగొంతు. చిన్న వయసు.

"తాడిగుంట ఆదిశేషు గారేనాండీ? నా పేరు హరిత. సోమరాజుపేట మున్సిపాలిటీలో కొత్తగా చేరానండి, మీలాగే రెవెన్యూ."

"చెప్పమ్మా."

"మా ఊళ్ళో కొత్తగా గిడ్డంగి పెట్టారు సార్. మీ దగ్గర్నుంచి వచ్చిందేనంట. స్థానిక కొలువుల్లో బొర్రా నాంచారమ్మ అని ఒకరి చేతిజాడ ఉంది. చెయ్యి ఎక్కడ పనిచేస్తే అక్కడి స్థానికురాలే అంటున్నారు. ఛైర్మన్ గారు సాయంత్రానికల్లా సంతకం పెట్టమంటున్నారు. నాకేమో..." కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "ఇంటివాళ్ళ కింద మీ నంబరు కనబడింది. అడిగాకే పెడదామని."

ఆదిశేషు కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాడు. ఆగిపోయిందనుకున్నాడు. ఆగనందుకు కలిగింది సంతోషమో భయమో అతడికి వెంటనే తెలియలేదు. చేతిజాడ కంపెనీ ఆస్తి. దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఇంత స్పష్టమైన విషయం తనకు తట్టనే లేదు.

"ఇప్పుడు లెక్క తప్పకుండా సర్దుతోందా?" అని అడిగాడు.

"చక్కగా సర్దుతోంది సార్. మనిషి సర్దినట్టే ఉంటుంది. ఆగకుండా." హరిత కాస్త సంకోచించింది. "ఆవిడకి మా ఊరితో ఏమన్నా సంబంధం ఉందా సార్? పుట్టిల్లో, చుట్టాలో?"

లేదు అనబోయాడు. తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న పాత అలవాటు అతడిని ఆపింది.

"మీ ఊరికి రైల్వే స్టేషనుంది కదా."

"ఉంది సార్."

"పెళ్ళయిన కొత్తలో పూరీ వెళ్తూ మీ ఊరి మీదుగా వెళ్ళాం. ఇంజన్ చెడిపోయి బండి మీ స్టేషన్లో చాలాసేపు ఆగింది. అందరూ దిగి తిరిగారు. ప్లాట్‌ఫారం చివర ఏవో ఎర్రపూల చెట్లుండేవి."

"ఇప్పటికీ ఉన్నాయి సార్."

"ఆవిడ నా భుజం మీద నిద్రపోతోంది అప్పుడు."

అవతల హరితకు ఏమి రాసుకోవాలో తోచలేదు. తరువాత మెల్లగా అడిగింది.

"అంటే ఆవిడ మా ఊరు చూడలేదన్నమాట."

"చూడలేదమ్మా," అన్నాడు ఆదిశేషు. "నేను లేపలేదు."